వివాదమే లేదంటున్న కంపెనీ మీద ఆర్బిట్రేషన్ మొదలుపెట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడ ఆటోనగర్‌లో మీకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఛాసిస్‌లు పంపితే పద్నాలుగు కంటైనర్ బాడీలు కట్టి ఇచ్చారు. 41 లక్షలు రావాలి. అరవై రోజుల అప్పు మీద పని. మొదటి బిల్లు గడువు దాటి ఇప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఫోన్లు ఎత్తరు, ఉత్తరాలకు జవాబు ఉండదు. ఒకే ఒక్కసారి మెయిల్ పెట్టారు: "మా లెక్కల ప్రకారం మీకు ఇవ్వాల్సింది ఏమీ లేదు. వివాదమే లేనప్పుడు ఆర్బిట్రేషన్ ప్రశ్న రాదు" అని. వర్క్ ఆర్డరు వెనక మాత్రం ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే వివాదం వస్తే కోర్టుకు బదులు ఆర్బిట్రేటరు అనే తటస్థ వ్యక్తి తీర్పు చెప్పాలన్న షరతు, అచ్చయి ఉంది. వాళ్లు ఒప్పుకోకుండా ఇది మొదలవుతుందా అని అడిగారు. షెడ్డులో ఉన్న ఇంకో రెండు బండ్లను ఆపుకోవచ్చా అని కూడా అడిగారు.

మొదలవుతుంది. వాళ్ల ఒప్పుకోలుతో పనే లేదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపమని మీరు రాసిన నోటీసు అవతలివాళ్లకు అందిన రోజే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు. మీరు పోస్టులో వేసిన రోజు కాదు, వాళ్లు జవాబిచ్చిన రోజూ కాదు. అందిన రోజు. బండ్లను మాత్రం ఆపకండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందో చిన్న మాట. పేపర్ల వాళ్లు ఆర్బిట్రేషన్‌నీ మీడియేషన్‌నీ రెంటినీ "మధ్యవర్తిత్వం" అనే రాస్తారు. దాంతో నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ఇదేదో పెద్దమనుషుల పంచాయితీ, ఇద్దరూ కూర్చుంటేనే జరుగుతుంది అనుకుంటారు. మీడియేషన్ అయితే అంతే, రెండు వైపులా ఇష్టపడాలి. ఆర్బిట్రేషన్‌కు ఇష్టపడటం అనేది వర్క్ ఆర్డరు మీద సంతకం పెట్టిన రోజే అయిపోయింది. ఇప్పుడు రానంటే కుదరదు. రాకపోయినా అది నడుస్తుంది.

ఇక ఆ మెయిల్ సంగతి. మీకు ఒళ్లు మండి ఉంటుంది. నాకైతే చదవగానే ప్రాణం లేచొచ్చింది. మీరు 41 లక్షలు ఇవ్వాలన్నారు, వాళ్లు ఏమీ లేదన్నారు. ఆ "లేదు" అన్న మాటే వివాదం. వివాదం లేదని చెప్పడానికి కూర్చుని వివాదాన్ని వాళ్ల చేత్తోనే రాసిచ్చారు. తేదీతో సహా ప్రింటు తీసి భద్రపరచండి, ఒరిజినల్ మెయిల్ చెరపకండి.

ఆ మెయిల్ కూడా రాకపోయి ఉంటే? ఇక్కడ కొంచెం జాగ్రత్త కావాలి. 1988లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ మీద ఒక కాంట్రాక్టరు వేసిన కేసులో (ఇందర్ సింగ్ రేఖీ కేసు అంటాం) సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. డబ్బు కట్టకుండా ఊరికే కూర్చున్నంత మాత్రాన వివాదం పుట్టినట్టు కాదన్నది ఒకటి. కంపెనీల ప్లీడర్లు ఈ ఒక్క వాక్యం చదివి ఆపేస్తారు. అదే తీర్పులో కింద, కాంట్రాక్టరు తన క్లెయిము గట్టిగా పెట్టాడు, అవతలి వైపు మౌనమూ నిరాకరణా ఉన్నాయి, కాబట్టి వివాదం పుట్టినట్టే అని తేల్చింది. అందుకే నేను డిమాండ్ నోటీసులో ఒక వాక్యం తప్పకుండా పెడతాను: "ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో డబ్బు చెల్లించకపోయినా, జవాబు ఇవ్వకపోయినా, మా క్లెయిమును మీరు కాదన్నట్టే భావిస్తాం." ఆ తర్వాత వాళ్లు నోరు విప్పకపోతే ఆ మౌనం మన ఖాతాలోకే వస్తుంది.

మీ అసలు శత్రువు ఆ కంపెనీ కాదు, క్యాలెండరు. డబ్బు వసూలుకు మామూలుగా మూడేళ్లే గడువు. ఆర్బిట్రేషన్‌కూ లిమిటేషన్ చట్టం వర్తిస్తుందని 43వ సెక్షన్ చెబుతుంది. మీ మొదటి బిల్లుకు ఇక మిగిలింది నాలుగు నెలలు. పద్నాలుగు బిల్లులూ ఒక్కటి కాదు, ఏ బిల్లు గడువు దానిదే. నోటీసు వాళ్లకు అందిన రోజున గడువు గడియారం ఆగుతుంది కాబట్టి, నాలుగు నెలల్లో నోటీసు రాయడం కాదు, అందేలా చూడటం ముఖ్యం. నాలుగు వారాల్లో పూర్తి చేయండి.

రిమైండర్లు పంపుతూ ఉన్నాం కదా, గడువు పెరగదా అని అందరూ అడుగుతారు. పెరగదు. ఇదీ రేఖీ కేసులోనే ఉంది. కొన్నేళ్ల కిందట గుంటూరు నుంచి ఒక సివిల్ కాంట్రాక్టరు వచ్చారు, పెద్దాయన. ఫైలుకు ఎర్ర రిబ్బను కట్టి తెచ్చారు. లోపల పదకొండు రిమైండర్లు. ఒక్కోటి ముందరిదాని కన్నా మర్యాదగా ఉంది. "తమ విలువైన సమయం" అని మొదలై చివరికి "తమరు దయతలిస్తే" దాకా వెళ్లింది. ఆఖరి బిల్లు తేదీ చూసి వేళ్ల మీద లెక్కేశాను. మూడేళ్ల నలభై రోజులు. ఆయనకు మంచినీళ్లు ఇప్పించి తర్వాత చెప్పాను. నలభై రోజుల ముందు ఆ పదకొండింటిలో ఏ ఒక్కటైనా ఆర్బిట్రేషన్ నోటీసు అయి ఉంటే సరిపోయేది.

గడువు నిజంగా కొత్తగా మొదలయ్యేది ఎప్పుడంటే, అది ముగియక ముందే అవతలివాళ్లు బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా, సంతకంతో ఒప్పుకున్నప్పుడు. వాళ్ల అకౌంట్స్ గుమాస్తా ఏడాది చివర మీ లెడ్జరు బ్యాలెన్సు సరిచూసుకోమని కాగితం గానీ మెయిల్ గానీ పంపాడేమో వెతకండి. దొరికితే అదృష్టం. దొరుకుతుందన్న ధీమాతో కూర్చోకండి.

ఇప్పుడు నోటీసు. రెండు నోటీసులు (ముందు డిమాండుది, తర్వాత ఆర్బిట్రేషన్‌ది) అవసరమా, ఒకటి చాలా అంటే, క్లాజు చూడాలి. చాలా వర్క్ ఆర్డర్లలో "ముందు ముప్ఫై రోజులు సామరస్యంగా మాట్లాడుకోవాలి" అని ఉంటుంది. అవతలివాళ్లు గోడలా నిలబడ్డప్పుడు ఈ తంతు అనవసరమని వాదించవచ్చు, గెలవనూ వచ్చు. కానీ ఒక ఉత్తరంతో పోయే దానికి వాదన దేనికి? ఫలానా తేదీన, ఫలానా చోట మాట్లాడుకుందాం రమ్మని రాయండి. రారు. రాలేదన్న కాగితం మన దగ్గర ఉంటుంది.

అసలు ఆర్బిట్రేషన్ నోటీసులో ఉండాల్సింది ఏమంటే: ఏ వర్క్ ఆర్డరు, ఏ తేదీది, అందులో ఆర్బిట్రేషన్ క్లాజు ఏ నంబరు, ఆ క్లాజు మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఏ బిల్లుకు ఎంత రావాలి, వడ్డీ ఎప్పటి నుంచి, వాళ్లు కాదన్న మెయిల్ తేదీ, "ఈ వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపుతున్నాం" అన్న స్పష్టమైన వాక్యం, ఆర్బిట్రేటరుగా మీరు సూచించే రెండు మూడు పేర్లు, ముప్ఫై రోజుల్లో ఒకరికి సమ్మతి తెలపమన్న మాట. లీగల్ నోటీసుల్లో అలవాటుగా రాసే "తగిన చట్టపరమైన చర్యలు తీసుకోబడును" అన్నది ఆర్బిట్రేషన్ నోటీసు కాదు. అలాంటి నోటీసు పట్టుకుని హైకోర్టుకు వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లను చూశాను.

మీ క్లాజులో "కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు నియమించిన వ్యక్తే ఆర్బిట్రేటరు" అని ఉందన్నారు. భయపడకండి. 2015 సవరణ తర్వాత, ముఖ్యంగా 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు తర్వాత, కేసు ఫలితంతో సంబంధం ఉన్నవాళ్లు ఒంటిచేత్తో ఆర్బిట్రేటరును పెట్టడం చెల్లదు. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలను తప్పుపట్టింది. నియామకం ముక్క చెల్లకపోయినంత మాత్రాన క్లాజు మొత్తం పోదు. మీ నోటీసు చూసి ఉలిక్కిపడి వాళ్లు తమ మనిషిని పెట్టేస్తే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. వివాదం వచ్చాక మీరు రాసిస్తే తప్ప ఆ హక్కు పోదు. కాబట్టి "అభ్యంతరం లేదు" అన్న కాగితం మీద ఏ మొహమాటానికీ సంతకం పెట్టకండి.

క్లాజు భాష కూడా ఓసారి చూసుకోండి. "వివాదాలు ఆర్బిట్రేషన్ ద్వారా పరిష్కరించబడును" అని ఉంటే సరే. "ఇరువురూ అంగీకరిస్తే ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చును" అని ఉంటే అది ఆర్బిట్రేషన్ ఒప్పందమే కాదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. అప్పుడు కమర్షియల్ కోర్టులో దావాయే దారి. వర్క్ ఆర్డరుకు స్టాంపు లేదని కంపెనీ వాళ్లు బెదిరిస్తే మాత్రం పట్టించుకోనక్కర్లేదు. స్టాంపు లోపం సరిదిద్దుకోగలిగినదే, దానివల్ల ఒప్పందం చెల్లకుండా పోదని 2023 డిసెంబరులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది.

కవరు గురించి. నవ్వకండి, ఇలాంటి కేసుల్లో సగం బలం కవరులోనే ఉంటుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, ఈ రోజుకు ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు తీసుకోండి. దానికొకటి, వర్క్ ఆర్డరు మీదున్న అడ్రసుకొకటి, వాళ్లు మీకు ఎప్పుడూ రాసే మెయిల్‌కొకటి పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే చేయండి, చేరినట్టు రుజువు తీసుకోండి. ట్రాకింగ్ పేజీని అదే వారం ప్రింటు తీయండి, తర్వాత చూద్దాంలే అంటే ఆ వివరాలు కనబడవు. కవరు "తీసుకోలేదు" అన్న పోస్ట్‌మ్యాన్ రాతతో తిరిగొస్తే దాన్ని చించకండి. లోపల ఏముందో మీకు తెలుసు. సీలు ఊడని కవరు, దాని మీద పోస్టాఫీసు ముద్ర, తేదీ: జడ్జిగారి ముందు పెట్టాల్సింది అది. సరైన అడ్రసుకు పంపితే, తీసుకోనన్నా అందినట్టే లెక్క.

సరైన అడ్రసు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరి కేసులో ఎనిమిది నెలలు నీళ్లపాలయ్యాయి. తేజ రకం మిర్చి ఒక మసాలా కంపెనీకి వేశారు. సరుకులో తేమ ఎక్కువని ఫోనులో గొణిగారు తప్ప కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ముందున్న ప్లీడరు బిల్లు మీదున్న గోడౌన్ అడ్రసుకు నోటీసు పంపి ఊరుకున్నారు. అప్పటికే కంపెనీ అక్కడి నుంచి మారిపోయింది. హైకోర్టులో మొదటి వాయిదాకే "మాకు నోటీసు అందలేదు" అన్నారు. పిటిషన్ వెనక్కి తీసుకుని, మళ్లీ నోటీసిచ్చి, మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈలోగా ఆరు లక్షల బిల్లు ఒకటి గడువు దాటిపోయింది. మిగతాది వచ్చింది, ఆ ఆరు లక్షలు రాలేదు.

నోటీసు అందిన ముప్ఫై రోజులకూ ఉలుకూ పలుకూ లేకపోతే 11వ సెక్షన్ కింద ఆర్బిట్రేటరును నియమించమని హైకోర్టులో పిటిషన్ వేయాలి. ఏ హైకోర్టు? మీకు నేలపాడులోని ఏపీ హైకోర్టు దగ్గర కాబట్టి అక్కడే వేద్దామని ఉంటుంది. మీ క్లాజులో ఆర్బిట్రేషన్ స్థలం హైదరాబాద్ అని ఉంటే తెలంగాణ హైకోర్టుకే వెళ్లాలి. ఇక్కడ వేస్తే ఆ పాయింటు మీదే కొట్టేస్తారు. కోర్టు ఈ దశలో చూసేది ప్రధానంగా ఒకటే, ఆర్బిట్రేషన్ ఒప్పందం ఉందా లేదా అని. "మేం బాకీ లేం", "వివాదం లేదు" అన్నవి ఆర్బిట్రేటరు దగ్గర చెప్పుకోమంటుంది. ఈ పిటిషన్‌కు విడిగా మూడేళ్ల గడువు ఉంది. ఉంది కదా అని వాడుకోవద్దు.

ఇంత చెప్పాక, మీ విషయంలో నేనైతే ఇంకో తలుపు ముందు తడతాను. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా? పని మొదలుపెట్టే నాటికే ఉంటే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం కింద చిన్న సంస్థల బాకీల గొడవలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో వేయవచ్చు. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా సరే, అమ్మినవాడు ఎక్కడున్నాడో అక్కడి కౌన్సిల్‌కే అధికారం. అంటే మీరు హైదరాబాద్ తిరగనక్కర్లేదు. ఒప్పందంలో వేరే ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వడ్డీ రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఓడిన కంపెనీ ఆ అవార్డును (ఆర్బిట్రేషన్ తీర్పును అలా అంటాం) కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం కట్టాలి. చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉంది, అది చట్టంలోనే ఉంది. ఆలస్యం అవుతుంది, అయినా మేలు. ఇది తయారుచేసేవాళ్లకు, సేవలు చేసేవాళ్లకు. నా మిర్చి క్లయింటులా కొని అమ్మే వ్యాపారులకు 2021 జూలైలో ఉద్యమ్ ఇచ్చినా, అది బ్యాంకు అప్పుల మేరకే. వాళ్లకు ఈ కౌన్సిల్ దారి లేదు.

కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి దివాలా పిటిషన్ పడేయమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. 2020 మార్చి నుంచి అక్కడ కనీస బాకీ కోటి రూపాయలు. మీకు అది కుదరదు.

ఖర్చు సంగతి. చట్టం నాలుగో షెడ్యూలు లెక్కన 41 లక్షల క్లెయిముకు ఫీజు 1,60,500. ఒక్కరే ఆర్బిట్రేటరు అయితే ఇంకో 25 శాతం కలిపి సుమారు రెండు లక్షలు. చెరి సగం కట్టాలి. రానన్నవాడు తన వాటా కట్టడు కదా, అప్పుడు అది కూడా మీరే కట్టి, తర్వాత అవార్డులో ఖర్చుల కింద రాబట్టుకోవాలి. ఈ మాట ముందే చెప్పే ప్లీడర్లు తక్కువ. మొత్తం డబ్బు పక్కన పెట్టుకునే దిగండి.

ఆర్బిట్రేటరు వచ్చాక కూడా కంపెనీ రాకపోతే 25వ సెక్షన్ ప్రకారం వాళ్లు లేకుండానే నడుస్తుంది. రాలేదు కాబట్టి మీరు గెలిచినట్టు మాత్రం కాదు. రుజువు చేసుకోవాల్సిందే. ఇక్కడ వర్క్ ఆర్డరు, బిల్లులు ఎలాగూ ఉంటాయి. చాలామంది మర్చిపోయేది పన్నుల కాగితాలు. మీ బిల్లు మీద జీఎస్టీ క్రెడిట్ వాళ్లు తీసుకున్నారా? మీ పేరున జమైన పన్నుల పట్టీ ఫారం 26ఏఎస్‌లో వాళ్లు కోసిన టీడీఎస్ కనబడుతోందా? ప్రభుత్వం దగ్గర "ఈయనకు ఇంత ఇవ్వాలి" అని లెక్క చూపించి పన్ను కోసిన కంపెనీ, మీ దగ్గర "ఏమీ లేదు" అంటే ఏ ఆర్బిట్రేటరూ నమ్మడు. ఈ సాయంత్రమే మీ ఆడిటరు గారికి ఫోను చేసి ఆ మూడేళ్ల 26ఏఎస్ తీయించండి.

మౌనవ్రతం పట్టిన కంపెనీ అవార్డు వచ్చిన మర్నాడు తప్పకుండా నిద్ర లేస్తుంది. అవార్డును సవాలు చేయడానికి వాళ్లకు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో ముప్ఫై రోజులు, అంతే. వాళ్ల మొదటి వాదన "మాకు సరైన నోటీసు లేదు" అనే ఉంటుంది. చించని కవరు ఆ రోజు పనికొస్తుంది.

ఇక షెడ్డులో ఉన్న రెండు బండ్లు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద, ఒక వస్తువు మీద పనిచేసినవాడు ఆ పని కూలి వచ్చేదాకా ఆ వస్తువును ఆపుకోవచ్చు. ఆ వస్తువు మీద చేసిన పనికి మాత్రమే, పాత బాకీలకు కాదు. అంటే 41 లక్షల కోసం ఈ రెండింటినీ ఆపే హక్కు మీకు లేదు. పూర్తయిన బండిని దాని బిల్లు కోసమైనా ఆపవచ్చా? అదే సెక్షన్ కింద దర్జీ ఉదాహరణ ఒకటుంది. బట్ట కుట్టి ఇస్తానని, డబ్బుకు మూడు నెలలు అప్పు ఇస్తానని ఒప్పుకున్న దర్జీ కోటు ఆపుకోలేడు. మీరు అరవై రోజుల అప్పు ఒప్పుకున్న దర్జీ. ఆపితే, ఇన్నాళ్లూ నోరు విప్పని కంపెనీకి మీ మీద పోలీసు స్టేషన్లో కంప్లైంటు పెట్టే సాకు మీరే ఇచ్చినవాళ్లవుతారు.

సగం పనిలో ఉన్న బండి విషయం వర్క్ ఆర్డరు చూస్తే గానీ చెప్పలేను. పూర్తయినదాన్ని పంపేయండి. పంపేటప్పుడు డెలివరీ చలానా మీద ఛాసిస్ నంబరు, బాడీ కొలతలు రాసి, "పని సంతృప్తికరంగా ఉంది, బండి అందింది" అన్న వాక్యం కింద వాళ్ల మనిషి పూర్తి పేరు, హోదా, సంతకం తీసుకోండి. డ్రైవరు సంతకంతో సరిపెట్టవద్దు, సూపర్‌వైజరు వచ్చేదాకా బండి గేటు లోపలే ఉండనివ్వండి. ఆ ఒక్క పూట ఆపడానికి ఏ సెక్షనూ అడ్డురాదు.